వాకిట మూడు దినములు



మా నూజివీడు సీమ మామిడితోటలలో జూన్ నెల కడపటి వారమున ఒక విధమైన నిశ్శబ్దము నెలకొనును. ఏప్రిల్ మొదలుకొని రేయనక పగలనక తోటగట్టున నిలుచుచుండిన లారీలు కానరావు. చిక్కములు పాక చూరునకు చేరును. గుత్తదారు కాపలాపాక విప్పుకొని, లెక్కలు తేల్చుకొని, వచ్చే యేటి పూతను గూర్చి ఒక ఆశాజనకమైన మాట విడిచి వెడలిపోవును. పండ్లు మాగవేసిన గదిలోని వరిగడ్డి పశువుల పాలగును. చిన్నరసాల సొన అంటిన మరకలు మాత్రము చేతులమీద మరి కొన్నాళ్లు మిగిలియుండును. తోటవానికి సంవత్సరమంతటిలో తీరికయు రొక్కమును ఒక్కమారే చేతికందు దినములు ఇవియే. సరిగా ఈ దినములలోనే, ఇచ్చటికి దాదాపు 5,000 కిలోమీటర్ల దూరమున, హిందూమహాసముద్రమున కావలి యొడ్డున, కెన్యా దేశపు మైదానములలో పెద్దవానలు వెలిసి, గడ్డి ముదిరి, తాంజానియాలోని సెరెంగెటీనుండి లక్షలాది మృగములు ఉత్తరముగా కదలి మారా నదిని దాటుటకు వచ్చుచుండును. మన కోతలు ముగియు నెలయు వాని రాకయు ఒక్కచోట కలియుట నాకెంతయో ముచ్చటగా తోచును. కావుననే, ఆ వన్యమృగసీమలకు ద్వారమైన నైరోబీ నగరమున కొన్ని దినములు గడపదలచినవారు తమ ప్రయాణమును ఎట్లు అమర్చుకొనవలెనో, రెండుమారులు పోయివచ్చినవానిగా నాకు తెలిసిన సంగతులు చెప్పుటకు మీ ముందునకు వచ్చితిని.

సఫారీ యన్నంతనే మనకు టోపీయు జీపును స్ఫురించును గాని, స్వాహిలీ భాషలో ఆ మాటకు ప్రయాణమనియే అర్థము. అది అరబ్బీ మాటనుండి వచ్చినది. హైదరాబాదు పాతబస్తీలో నేటికిని ప్రయాణమును సఫరనియే అందురు. బండిని స్వాహిలీవారు గారి యందురు, అంగడిని దుకా యందురు. చాయ్ చాయే, చపాతీ చపాతీయే. పశ్చిమతీరపు ఓడలలో మన సరకులతోపాటు మన మాటలును అక్కడ దిగినవి. నేడు ఆఫ్రికా తూర్పుతీరపు తాంజానియా, మొజాంబిక్ దేశముల కందులు మన దేశపు ఓడరేవులకు వచ్చి, పప్పుగా మన కంచములలో చేరుచున్నవి. ఇంతటి రాకపోకలున్న దిక్కును మనము అపరిచితముగా భావించుటయే వింత.

మొదటిమారు మేము నలుగురము, అనగా నేను, మా ఆవిడ, బావమరిది, అతని భార్య, ఒక ఏజెంటు వ్రాసి యిచ్చిన కాగితమును వేదవాక్యముగా నమ్మి బయలుదేరితిమి. ఆ కాగితమున నైరోబీకి కేటాయింపబడిన కాలము అర్ధరాత్రి విమానము దిగినది మొదలు తెల్లవారుజామున ఐదుగంటల వరకు మాత్రమే. నిద్రలేని కన్నులతో, సూట్‌కేసులు విప్పకుండగనే బండి యెక్కి, 270 కిలోమీటర్ల దూరమును ఆరుగంటలపాటు ప్రయాణించి, మధ్యాహ్నమునకు మసాయి మారా వన్యమృగసీమను చేరితిమి. నలుబది యైదు డిగ్రీల యెండలు దాటుకొని వచ్చిన మా ఆవిడకు ఆ కొండగాలి తలకెక్కెను. సాయంకాలము మొదటి సింహము కంటబడినది. పదునైదు గజముల దూరమున, తుమ్మజాతి చెట్టు నీడను, ముందుకాళ్లు చాచుకొని కూర్చుండి, ముసరుచున్న ఈగలను తోలుకొనుటకై చెవి యొకటి మాత్రము కదల్చుచుండెను. దాని మూతిమీది గాటు కూడ స్పష్టముగా కనబడుచుండెను. మా ఆవిడ శాలువ తలమీదుగా కప్పుకొని కిటికీకి ఒరగి నిద్రించుచుండెను.

"బావా, అక్కని లేపుదామా?" అని బావమరిది గుసగుసగా అడిగెను.

"వద్దు, ఇప్పుడే కన్ను మూసింది. లేపితే తలనొప్పి ఇంకా ఎక్కువవుతుంది" అంటిని.

ఏ దృశ్యముకొరకు రెండు సంవత్సరముల కాపు సొమ్ము కూడబెట్టి సముద్రము దాటి వచ్చెనో, ఆ దృశ్యము ఆమె యెదుటనే యుండియు ఆమెకు దక్కలేదు. మరునాడు మరి మూడు సింహములను చూచినది. అయినను ఆ మొదటిదాని మాట వచ్చినపుడెల్ల ఆమె ముఖము నేటికిని చిన్నబోవును. ఆ తప్పు దేహముది కాదు, కాలమును పంచినవానిది. తిరుగు ప్రయాణమున విమానము ఒకటిన్నర దినము ఆలస్యమగుటచే గత్యంతరములేక నైరోబీలో నిలిచిపోతిమి. ఆ నిలిచిపోయిన కాలములోనే, ఏమి చూడక వెళ్లిపోవుచుంటిమో మాకు తెలిసివచ్చినది. మూడేండ్ల తరువాత రెండవమారు పోయినపుడు కాగితము నేనే వ్రాసితిని. అందు మొదటి పంక్తి: నైరోబీ, మూడు దినములు.

ద్వారమున్నది దాటుటకే గదా యని కొందరందురు. మా ఊరివానిగా దీనికి సమాధానము చెప్పవలసియున్నది. వేసవిలో దూరప్రాంతములనుండి కార్లలో నూజివీడు వచ్చువారు బజారున రెండు పెట్టెల రసాలు కొని, వెనుకసీటులో పెట్టుకొని, చీకటి పడకముందే తిరిగిపోయి, "నూజివీడు చూసి వచ్చాం" అని చెప్పుకొందురు. కాయ ముదిరినది లేనిది ముచ్చికయొద్ది పల్లమును చూచి పోల్చు ముసలికాపును వారు చూడలేదు. పెద్దరసపు కొమ్మకును కలెక్టరు కొమ్మకును ఆకులోనే భేదమున్నదని వారికి తెలియదు. జమీందారులగు మేకావారి కోటగోడ వారి కంటబడలేదు. మామిడి పరిశోధనాస్థానము ఒకటి అక్కడ నున్నదనియు వారు వినలేదు. వారు చూచినది పెట్టెనే. నైరోబీని ఐదుగంటలలో దాటిపోవుటయు ఇట్టిదే.

ఆ నగరము వయస్సు నూటపాతిక సంవత్సరములు. 1896లో మొంబాసా రేవున ఆరంభమైన రైలుమార్గము 1899లో మసాయి పశుపాలకులు చల్లనినీటి తావుగా పిలుచుకొను ఒక బురదనేలను చేరగా, ముందున్న కొండలెక్కుటకు సామగ్రి కూర్చుకొనుటకై అచ్చట వేసిన డేరాలే నైరోబీ యైనవి. ఆ మార్గమును వేసిన చేతులు మన దేశపువి. పంజాబు మొదలైన ప్రాంతములనుండి సుమారు 32,000 మంది కూలీలు ఒప్పందముమీద పోయిరి. సుమారు 2,500 మంది అచ్చటనే మరణించిరి. జ్వరములు, ప్రమాదములు కొందరిని తినగా, 1898లో సావో నదిమీద వంతెన కట్టునపుడు రెండు సింహములు నెలలతరబడి రాత్రిపూట డేరాలలో దూరి మనుష్యులను ఈడ్చుకొనిపోయినవి. ప్యాటర్సన్ అను ఇంజనీరు వానిని చంపువరకు పని నిలిచిపోయినది. 1901లో పట్టాలు విక్టోరియా సరస్సును చేరినవి. కూలీలలో అత్యధికులు స్వదేశమునకు మరలినను, కొన్నివేలమంది అచ్చటనే నిలిచిరి. వారి వెనుక వర్తకులు వచ్చిరి. వారందరి సంతతిని 2017లో కెన్యా ప్రభుత్వము ఆ దేశపు నలుబది నాలుగవ తెగగా గుర్తించినది.

కావున నా మాటగా మొదటి దినమున, విమానపు బడలిక తీరువరకు నిద్రించి, మధ్యాహ్నము రైల్వే ప్రదర్శనశాలకు పోవలెను. అది పెద్ద ఆడంబరము లేని చోటు. పాత ఇంజన్లు గడ్డిలో నిలిచియుండును. వాని నడుమ ఒక చెక్క రైలుపెట్టె కలదు. 1900లో కీమా స్టేషనున, సింహమును వేటాడుటకు కాపుండిన రయల్ అను పోలీసు అధికారిని, ఆ పెట్టెలో నిద్రమబ్బున నున్నపుడు సింహమే లోనికి వచ్చి పట్టుకొనిపోయినది. ఆ పెట్టె అరుగుమీద నేను కొంతసేపు కూర్చుంటిని. అధికారి పేరు అందరికిని తెలియును. పట్టాలక్రింద దుంగలు మోసిన మనవారి పేర్లు ఏ పలకమీదను నాకు కనబడలేదు. భారతదేశమునుండి పోవు ప్రతి యాత్రికుడును మృగములను చూచుటకు ముందు ఇక్కడ ఒక గంట నిలువవలెనని నా హృదయపూర్వకమైన కోరిక.

నైరోబీ భూమధ్యరేఖకు మిక్కిలి చేరువ నున్నదని విని మనవారు నూలుబట్టలు మాత్రమే సర్దుకొందురు. అది పొరపాటు. సముద్రమట్టమునకు దాదాపు 1,700 మీటర్ల ఎత్తున నుండుటచే, ఆ నగరము చాల చల్లన. జూలై, ఆగస్టు మాసములలో రాత్రులందు పది, పండ్రెండు డిగ్రీలకు దిగును. స్వెట్టరు, మఫ్లరు పెట్టెలో అడుగున గాక చేతిసంచిలో నుండవలెను. భూమధ్యరేఖ చేరువను పగలును రాత్రియు సంవత్సరమంతయు ఇంచుమించు సమానములగుటచే, స్వాహిలీవారు గంటలను సూర్యోదయమునుండి లెక్కింతురు. మన యేడుగంటలు వారికి సా మోజా, అనగా ఒంటిగంట. మా డ్రైవరు మరునాటి ప్రయాణమునకు కాలము చెప్పుచు ఈ మాట వాడగా, అప్పటికే వారి అంకెలు నేర్చుకొన్న మా ఆవిడ మధ్యాహ్నము ఒంటిగంట యనుకొన్నది. ఉదయము ఏడింటికే బండి గుమ్మమున నిలిచియుండెను. పొద్దుపొడుపునుండి గడియలు లెక్కించిన మన తాతలు ఆ డ్రైవరుతో ఎంత సులభముగా మాటలాడియుందురో యనిపించినది.

రెండవ దినపు ప్రాతఃకాలమును నైరోబీ జాతీయోద్యానమునకు ఇయ్యవలెను. 1946లో ఏర్పడిన ఈ ఉద్యానము కెన్యాలో మొట్టమొదటిది. విస్తీర్ణము 117 చదరపు కిలోమీటర్లు. నగరమధ్యమునుండి ఏడు కిలోమీటర్లు మాత్రమే. మూడువైపుల కంచె, దక్షిణమున మృగముల రాకపోకలకు విడిచిన మైదానము. తెల్లవారు వెలుగులో గడ్డిపై మంచుండగా, జిరాఫీలు మెడలెత్తి నడచుచుండును. వాని మెడల వెనుక నగరపు మేడలు వరుసగా నిలిచియుండును. ఖడ్గమృగములను చూచుటకు ఇది మంచి తావు. ఏనుగులు మాత్రము స్వేచ్ఛగా తిరుగునవి ఇందు లేవు. ఎత్తైన స్తంభములమీదుగా ఉద్యానమును దాటిపోవు కొత్త రైలువంతెనను 2019లో తెరచిరి. సింహములును పట్టాలును ఆ నేలమీద మరల ఎదురుపడినవి. ఈమారు పట్టాలే పైన నున్నవి, సింహములకు దారి విడిచి. దక్షిణపు మైదానమున ఇండ్లు పెరిగి మృగములదారి యిరుకగుచున్నదని అచ్చటివారు ఆందోళనపడుచున్నారు. కొల్లేటిలో నీటినేల కుంచించుకొనిపోగా పక్షులు ఎంత యిబ్బందిపడినవో చూచిన మనకు ఆ ఆందోళన సులభముగా బోధపడును.

పదునొకండు గంటలకు ఆ ఉద్యానపు అంచుననే తల్లిలేని యేనుగుపిల్లల పోషణాలయమునకు పోవలెను. సందర్శకులకు దినమునకు ఒక్కగంటయే, పదునొకండునుండి పండ్రెండువరకు. ముందుగా పేరు నమోదు చేసికొననిదే ప్రవేశము లేదు. దంతముల దొంగల చేతిలో తల్లులను పోగొట్టుకొన్నవి, బావులలో పడినవి, కరవున విడిపోయినవి, ఎఱ్ఱమట్టి పూసికొని వరుసగా పరుగెత్తి వచ్చును. ఆకుపచ్చని అంగీలు తొడిగిన పాలకులు పెద్ద సీసాలతో పాలు పట్టుదురు. రాత్రులందు ప్రతి పిల్లయొద్దను ఒక మనిషి పడుకొనును. డేవిడ్ షెల్డ్రిక్ అను సావో వనసంరక్షకుని స్మృతికై 1977లో ఆయన భార్య డాఫ్నే ఈ సంస్థను స్థాపించెను. ఆవుపాలు ఏనుగుపిల్లలకు అరుగక అవి చనిపోవుచుండగా, ఆమె ఏండ్లకొలది వెదకి వెదకి, పాలలో కొబ్బరినూనె కలిపినచో ఆ కూనలు బ్రదుకునని కనుగొనెను. ఈ మాట వివరించువాడు చెప్పినపుడు మా బావమరిది భార్య, కోనసీమ ఆడపడుచు, నావైపు తిరిగి, "అన్నయ్యగారూ, విన్నారా? కొబ్బరినూనే వీటిని నిలబెట్టిందట!" అని కన్నీరు తుడుచుకొన్నది. ఒక కూన పాలు త్రాగి, తొండము కొనను ఆమె చెప్పుమీద పెట్టి వాసన చూచి పోయినది. ఆ చెప్పులను ఆమె ఇప్పటికిని పారవేయలేదు.

మూడవ దినమున జాతీయ ప్రదర్శనశాల. 1984లో తుర్కానా సరస్సు ప్రాంతమున దొరికిన, సుమారు 15 లక్షల సంవత్సరములనాటి బాలుని అస్థిపంజరము ఆ సంస్థ భద్రపరచిన నిధి. మానవజాతి పురాతనగృహము ఆ నేలయే యని పుస్తకమున చదువుట వేరు, ఆ చిన్న పక్కటెముకల యెదుట నిలుచుట వేరు. అటుపిమ్మట సాయంకాలము ఉహురు పార్కువైపు నడచినచో వంగారి మాతాయిని స్మరింపవలెను. 1977లో పల్లెస్త్రీలచేత మొక్కలు నాటించు ఉద్యమమును ఆరంభించిన ఆమె, 1989లో ఆ పార్కున అరువది యంతస్తుల మేడ కట్టదలచిన ప్రభుత్వమును ఎదిరించి నిలిపివేయించెను. 2004లో నోబెల్ శాంతిబహుమానము నందెను. చెట్లు పెంచుకొని బ్రదుకు ప్రాంతమువారము మనము. ఆమె పేరు మన బడిపిల్లలకు తెలియవలెను.

భోజనమునకు భయపడనక్కరలేదు. పార్క్‌ల్యాండ్స్ ప్రాంతమున గుజరాతీ శాకాహారపు భోజనశాలలు కలవు. అంతకంటె, మొక్కజొన్నపిండితో వండు ఉగాలి మన సంకటికి తోబుట్టువు. దానికి తోడు సుకుమా వికీ యను ఆకుకూర. గితేరి యనునది మొక్కజొన్నగింజలును చిక్కుడుగింజలును కలిపి ఉడికించిన గుగ్గిళ్లే. మామిడిపండు మాత్రము జూలైలో ఆశింపవలదు. వారి కాపు నవంబరునుండి మార్చివరకు. మన పచ్చిపండ్లు పెట్టెలో పెట్టుకొనిపోవుటకును వీలులేదు, ఓడరేవులందు విమానాశ్రయములందు మొక్కల తెగుళ్ల పరీక్షకులు ఆపివేయుదురు. తాండ్ర తీసికొనిపోవచ్చును. ఆవకాయను ప్లాస్టిక్ సంచులలో చుట్టవలదు. 2017 ఆగస్టునుండి ఆ దేశమున ప్లాస్టిక్ సంచులు నిషిద్ధములు. బిగుతు మూతగల స్టీలుడబ్బాలో పోసి, పాతపంచె చుట్టి, బట్టసంచిలో పెట్టుడు.

ఈ మూడు దినములు గడచిన పిమ్మట దేహము ఆ చలికి, ఆ యెత్తుకు అలవాటుపడియుండును. అప్పుడు నైవాషా సరస్సునొద్ద ఒక రాత్రి నిలిచి, నీటిగుఱ్ఱములను పడవలో చూచి, మారాకు పోయినచో ఆరుగంటల ప్రయాణము రెండుముక్కలగును. మారాలో మూడురాత్రులు చాలును. అచ్చటి సంగతులు ఎందరో చెప్పియున్నారు గనుక నేను మరల చెప్పను. బండిలో నలుగురికి మించి ఎక్కక, ప్రతివారికిని కిటికీ దక్కునట్లు చూచుకొనుడని మాత్రము చెప్పెదను.

ఇక చిక్కంతయు తోటవాని పంచాంగమునకు సంబంధించినది. మారాలో జూలై, ఆగస్టు గదులకు ఆరునెలలముందే, అనగా జనవరిలోనే మాట యియ్యవలెను. జనవరిలో మన చెట్లమీద పూత మాత్రమే యుండును. మంచు తగిలి, తేనెమంచు పురుగు పట్టి, పూత మాడిపోయిన యేడు ఎన్నిమారులు చూడలేదు? పూతను చూచి అప్పుచేసి గదులు తీసికొనవలదు. ఒక కాపు సొమ్మును బ్యాంకులో ఉంచుకొని, మరుసటి యేడు పోవుటయే ఉచితము. 2024 జూలైనుండి మారాలో విదేశీయునికి ప్రవేశరుసుము జూలై మొదలు డిసెంబరువరకు దినమునకు 200 డాలర్లు, మిగిలిన నెలలలో 100 డాలర్లు. నలుగురికి మూడుదినముల లెక్క కట్టుకొని చూడుడు. కోత ముగిసిన వెంటనే పరుగెత్తవలదు. ఎండుకొమ్మలు కత్తిరించి, తొలకరి తడికి చెట్లకు ఎరువువేసి, జూలై రెండవ పక్షమున బయలుదేరినచో తోటకును న్యాయము జరుగును, మృగములును మారాలోనే యుండును.

కాగితముల సంగతి. 2024 జనవరినుండి కెన్యా వీసాకు బదులు కంప్యూటరుద్వారా ముందస్తు అనుమతి నిచ్చుచున్నది. ప్రయాణమునకు కనీసము మూడు దినములముందు దరఖాస్తు చేయవలెను, నేనైతే మూడు వారములముందు చేసితిని. మలేరియా మాత్రల విషయము వైద్యునితో మాటలాడుడు. అన్నింటికంటె ముఖ్యము ఎల్లో ఫీవర్ టీకా. కెన్యానుండి తిరిగివచ్చువారియొద్ద ఆ ధ్రువపత్రము లేనియెడల మన విమానాశ్రయముననే ఆపి ఆరుదినములవరకు వేరుగా ఉంచవచ్చును. అరువది దాటినవారు వైద్యుని సలహా లేక ఆ టీకా వేయించుకొనరాదు. ఒక్కమారు వేయించుకొన్నచో జీవితాంతము చాలును; కాని వేయించుకొన్న పదిదినములకు గాని ఆ పత్రము చెల్లదు. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో దానిని వేయుదురు. విమానపు టిక్కెట్టు కొనకముందే అక్కడికి పోయిరండు.